జేబులో ఎనిమిది డాలర్లు: విదేశాల్లో మన రోజు ఖర్చు కథ

 

విదేశీ ప్రయాణం అనగానే మన ఇళ్లలో మొదటి ప్రశ్న టికెట్ ఎంత అని. రెండోది వీసా వచ్చిందా అని. మూడో ప్రశ్న కాస్త ఆలస్యంగా, సూట్‌కేసు సర్దుకునేటప్పుడు వస్తుంది. "ఇంతకీ రోజుకి ఎంత ఖర్చవుతుంది? చేతిలో ఎంత పట్టుకెళ్లాలి?" ఇప్పుడైతే ఫోన్‌లో వెతికితే క్షణంలో ఏదో ఒక అంకె వస్తుంది. బ్యాంకుకి వెళ్తే ఫారెక్స్ కార్డు ఇస్తారు. డబ్బు చాలకపోతే ఇంటి నుంచి ఇంకొంచెం వేయించుకోవచ్చు.

కానీ ఈ "రోజుకి ఎంత" అన్న ప్రశ్నకి ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు మన దేశంలో దీనికి జవాబు చెప్పేది ప్రయాణికుడు కాదు, వాళ్ల నాన్న కూడా కాదు. రిజర్వ్ బ్యాంకు. ఆ జవాబు ఎంత చిన్నదంటే, అది వెళ్లే రోజులకి సరిపోదని ఇచ్చేవాళ్లకీ తెలుసు, తీసుకునేవాళ్లకీ తెలుసు. మరి అప్పటివాళ్లు ఎలా వెళ్లారు? ఎలా బతికారు? ఆ లెక్క మన అలవాట్లలో ఏం మిగిల్చింది? ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది ఈ సంగతే.

ముందుగా ఒక విద్యార్థి దగ్గర మొదలుపెడదాం. 1888లో బొంబాయి నుంచి లండన్‌కి బారిస్టర్ చదువుకోసం వెళ్లిన కుర్రాడు. వయసు ఇంకా పంతొమ్మిది నిండలేదు. పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. లండన్‌లో దిగగానే విక్టోరియా హోటల్‌లో బస. కొద్ది రోజులకే అక్కడి బిల్లు 3 పౌండ్లయింది. శాకాహారం సరిగ్గా దొరక్క, బొంబాయి నుంచి తెచ్చుకున్న తినుబండారాలతోనే చాలావరకు నెట్టుకొచ్చాడు. అంటే సగం పస్తులుండి మరీ 3 పౌండ్లు కట్టాడన్నమాట. ఆ దెబ్బ ఆయనకి గట్టిగా గుర్తుండిపోయింది. ఆత్మకథలో కూడా రాసుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లు దొరబాబు వేషం నడిచింది. డాన్సు క్లాసుకి ఫీజు 3 పౌండ్లు. వయొలిన్ కొంటే అదీ 3 పౌండ్లు. ఈ మూడు పౌండ్ల అంకెని కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. కొన్ని నెలలకి ఆయనకే అర్థమైంది, అన్నయ్య అక్కడ కష్టపడి పంపుతున్న డబ్బు ఇది అని. అప్పటికే ఆయనకో మంచి అలవాటుంది. ప్రతి కాణీకీ పద్దు రాయడం. బస్సు చార్జీ, తపాలా బిళ్ల, వార్తాపత్రిక, ఏదైనా సరే రాయాల్సిందే. రాత్రి పడుకునే ముందు జమాఖర్చు సరిచూసుకోవాల్సిందే.

ఆ పద్దు పుస్తకమే దారి చూపించింది. డబ్బు ఎటు పోతోందో కాగితం మీద కనపడితే, ఎక్కడ తగ్గించాలో కూడా అందులోనే కనిపిస్తుంది. గాంధీ ముందు రెండు గదులు తీసుకుని ఉండేవారు. వెళ్లాల్సిన చోటికి అరగంటలో నడిచి చేరేలా బస మార్చారు. దాంతో బస్సు చార్జీ మిగిలింది, రోజుకి ఎనిమిది పది మైళ్ల నడకా అయ్యింది. తర్వాత వారానికి 8 షిల్లింగులకి ఒకే గది, ఒక పొయ్యి. పొద్దున ఓట్స్ జావ, కోకో. మధ్యాహ్నం బయట భోజనం. రాత్రికి రొట్టె, కోకో. ఇలా రోజుకి 1 షిల్లింగు 3 పెన్నీలతో గడిచిపోయింది.

ఒక చిన్న లెక్క చేద్దాం. అప్పట్లో షిల్లింగుకి 12 పెన్నీలు, పౌండుకి 20 షిల్లింగులు. అంటే పౌండుకి 240 పెన్నీలు. 1 షిల్లింగు 3 పెన్నీలంటే 15 పెన్నీలు. మొదట్లో హోటల్‌కి కట్టిన 3 పౌండ్లు 720 పెన్నీలు. 720ని 15తో భాగిస్తే 48. ఆ కొద్ది రోజుల హోటల్ బిల్లుతో, అద్దె సంగతి పక్కన పెడితే, 48 రోజులు తిని బతకొచ్చని ఆ కుర్రాడు తర్వాత తెలుసుకున్నాడు. విదేశాల్లో రోజు ఖర్చు అనే సబ్జెక్టులో ఇంతకంటే మంచి పాఠం నాకెక్కడా కనపడలేదు.

ఇక్కడ గమనించాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. గాంధీ గారి సమస్య డబ్బు లేకపోవడం. ఉన్న డబ్బుని పౌండ్లలోకి మార్చుకోవద్దని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ కాలంలో ఎక్కడి ప్రయాణికుడికైనా బాధ వేరు. డబ్బుని భద్రంగా మోయడం ఎలా, తెలియని ఊళ్లో దాన్ని మార్చుకోవడం ఎలా అన్నదే బాధ. ఇంగ్లండులో థామస్ కుక్ 1868లో హోటల్ కూపన్లు మొదలుపెట్టాడు. ఇంట్లోనే డబ్బు కట్టేసి, అక్కడ కూపన్ ఇస్తే గది, భోజనం. 1874లో సర్క్యులర్ నోట్లు తెచ్చాడు. 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ ట్రావెలర్స్ చెక్కు తెచ్చింది. దాని కథ కూడా సరదాగా ఉంటుంది. ఆ కంపెనీ అధ్యక్షుడే యూరప్ వెళ్తే, చిన్న ఊళ్లలో ఆయన లెటర్ ఆఫ్ క్రెడిట్‌ని నగదుగా మార్చుకోవడం గగనమైంది. ఆ విసుగులోంచి పుట్టిందే ట్రావెలర్స్ చెక్కు.

ఇవన్నీ డబ్బున్నవాడి ఇబ్బందులు. డబ్బుండి కూడా మార్చుకోలేని ఇబ్బంది మనకి 1939 సెప్టెంబరులో మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద విదేశీ మారకం మీద ఆంక్షలు పెట్టింది. యుద్ధానికి డాలర్లు కావాలి కాబట్టి ఎవరూ సొంతానికి వాడకూడదు, అంతే. యుద్ధం అయిపోయింది. ఆంక్షలు మాత్రం పోలేదు. 1947లో, స్వాతంత్ర్యానికి కొన్ని నెలల ముందు, ఫారిన్ ఎక్స్ఛేంజ్ రెగ్యులేషన్ యాక్టు వచ్చింది. యుద్ధకాలం నాటి తాత్కాలిక నియమం చట్టమై కూర్చుంది.

ఇక్కడ కొందరికి సందేహం రావచ్చు. మన రూపాయలు మనం ఇచ్చి డాలర్లు కొనుక్కుంటే ప్రభుత్వానికేం నష్టం అని. నష్టం ఏంటంటే, రూపాయలు మన దేశంలో అచ్చవుతాయి, డాలర్లు మనం అచ్చు వేయలేం. టీ, జనపనార, వేరుశెనగ, ఏదో ఒకటి బయటి దేశానికి అమ్మితేనే డాలరో పౌండో వస్తుంది. అలా వచ్చిన ప్రతి డాలరుకీ క్యూలో ఎంతమంది ఉంటారో చూడండి. పెట్రోలు, మందులు, గోధుమలు, యంత్రాలు. ఆ క్యూలో ఆఖరున నిలబడేవాడు, "నేను లండన్ చూసొస్తానండీ" అనే మనిషి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనకి కొంత నిల్వ ఉంది. యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర సరుకు అప్పుగా తీసుకుంది. ఆ బాకీ లండన్‌లో పౌండ్ల లెక్కన పోగుపడింది. వాటినే స్టెర్లింగ్ నిల్వలు అంటారు. 1956లో రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలకి యంత్రాలు బయటి నుంచి రావాలి. పైగా తిండిగింజలు కొనాలి. రెండేళ్లు తిరిగేసరికి ఆ నిల్వలు కరిగిపోయాయి. 1957, 58 నాటికి దేశం పెద్ద మారక సంకటంలో పడింది. 1958లో అప్పిచ్చే దేశాలన్నీ కలిసి ఇండియాకి సాయం చేయడానికి ఒక బృందంగా కూర్చోవాల్సొచ్చింది.

అదే కాలంలో మన కృష్ణానది మీద నాగార్జునసాగర్ కడుతున్నారు. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. రాతి కట్టడం, వేలాదిమంది కూలీల చేతులు. రాయి మన దగ్గరుంది, మనుషులు మన దగ్గరున్నారు. వాటికి డాలర్లు అక్కర్లేదు. పెద్ద పెద్ద యంత్రాలు తెప్పించాలంటే డాలర్లు కావాలి. ఆ రోజుల్లో దేశం ఏ పని చేసినా ఈ లెక్క వెనక నిలబడి ఉండేది. మీ సూట్‌కేసులో డాలర్లు ఎన్ని ఉండాలి అన్నదీ ఆ లెక్కలో భాగమే.

సరే, ఇప్పుడు ప్రయాణికుడి దగ్గరికి వద్దాం. 1960లు. విదేశానికి వెళ్లాలంటే పాస్‌పోర్టు, వీసా ఉంటే సరిపోదు. "పీ ఫారం" అని ఒకటుండేది. అది రిజర్వ్ బ్యాంకు ఆమోదిస్తే తప్ప టికెట్ చేతికి రాదు. విమానం టికెట్ రూపాయల్లో కొనేదే అయినా సరే. చివరికి చేతి ఖర్చుకి ఇచ్చే విదేశీ డబ్బు ఎంతంటే, ఇంగ్లండు వెళ్లేవాళ్లకి 3 పౌండ్లు. అమెరికా వెళ్లేవాళ్లకి 8 డాలర్లు. బ్యాంకు వాళ్లు ఆ మొత్తాన్ని పాస్‌పోర్టులోనే రాసి ముద్ర వేసేవారు.

మూడు పౌండ్లు! గాంధీ గారి హోటల్ బిల్లు గుర్తొచ్చిందా? 1888లోనే కొద్ది రోజులకి ఆవిరైపోయిన మొత్తం అది. డెబ్బై ఏళ్లు దాటాక, ధరలు ఎన్నో రెట్లు పెరిగాక, స్వతంత్ర భారత పౌరుడు లండన్ విమానాశ్రయంలో దిగేటప్పుడు జేబులో ఉండేది కూడా అదే మూడు పౌండ్లు. ఎనిమిది డాలర్లు ఎక్కణ్నుంచి వచ్చాయో కూడా దీన్నిబట్టే ఊహించొచ్చు. అప్పట్లో పౌండుకి 2.80 డాలర్లు. మూడు పౌండ్లంటే 8 డాలర్ల 40 సెంట్లు. రెండూ దాదాపు ఒకటే మొత్తం.

రూపాయల్లో చూస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. 1966 జూన్ దాకా డాలరు 4 రూపాయల 76 పైసలు. ఎనిమిది డాలర్లంటే సుమారు 38 రూపాయలు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించి డాలరుని 7 రూపాయల 50 పైసలు చేశారు. అప్పుడు ఎనిమిది డాలర్లకి 60 రూపాయలు. వేల రూపాయలు పోసి టికెట్ కొన్న మనిషి, ఖర్చులకి మాత్రం 60 రూపాయల కంటే ఎక్కువ మార్చుకోవడానికి లేదు. పేదవాడైనా, జమీందారు కొడుకైనా రూలు ఒకటే.

అదే కాలంలో అవతలి పక్క ఎలా ఉందో చూద్దాం. 1957లో ఆర్థర్ ఫ్రామర్ అనే అమెరికన్ "యూరప్ ఆన్ 5 డాలర్స్ ఎ డే" అని ఒక గైడు పుస్తకం వేశాడు. జర్మనీలో సైనికుడిగా పనిచేసినప్పుడు చౌకగా ఎలా తిరగాలో నేర్చుకుని, ముందు తోటి సైనికులకోసం చిన్న పుస్తకం రాసి, తర్వాత అందరికోసం దీన్ని రాశాడు. రోజుకి 5 డాలర్లలో బస, మూడు పూటల భోజనం. చాలా చౌక అని అమెరికన్లు ఎగబడి కొన్నారు. ఆ లెక్కన మన ప్రయాణికుడి ఎనిమిది డాలర్లు ఎన్నాళ్లొస్తాయి? మొదటి రోజు అయిదు, మిగిలింది మూడు. రెండో రోజు రాత్రికి చేతిలో ఏమీ ఉండదు. అది కూడా చౌక యూరప్‌లో సంగతి. న్యూయార్క్‌లో కాదు.

మరి ఎలా బతికారు? ఇదే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే భాగం. రూపాయల్లో కట్టగలిగినవన్నీ ముందే ఇక్కడే కట్టేసేవారు. అందుకే ఎయిరిండియా టికెట్ అంత ముఖ్యం. ఇక సామాను. ఊరగాయ జాడీ, కందిపొడి, అటుకులు, చలికోటు, ప్రెషర్ కుక్కర్. ఇవన్నీ రుచి కోసం, మమకారం కోసం అని మనం అనుకుంటాం. అది నిజమే. కానీ దాని కింద ఒక గట్టి లెక్క కూడా ఉంది. డాలరు పెట్టి కొనాల్సింది ఏదైనా ఇక్కడ రూపాయి పెట్టి కొని మోసుకుపోతే, ఆ మేరకి ఎనిమిది డాలర్లు నిలబడతాయి. విమానంలో బరువుకి పరిమితి ఉంది, జేబుకీ పరిమితి ఉంది. ఆ రెండు పరిమితుల మధ్య మన ఆవకాయ సీమ దాటింది.

మూడోది మనుషులు. ఎవరు విమానాశ్రయానికి వస్తారు, మొదటి నెల ఎవరింట్లో ఉండాలి, అప్పుగా ఎవరిస్తారు. అమెరికాలో 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత మన డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లడం బాగా పెరిగింది. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు ఎంతోమంది వెళ్లారు. ఆసుపత్రి ఇచ్చే మొదటి జీతమో, యూనివర్సిటీ ఇచ్చే అసిస్టెంట్‌షిప్పో చేతికందేదాకా మధ్యలో ఉన్న ఆ వారాలు గడిపింది ముందు వెళ్లిన సీనియర్ ఇంటి సోఫా మీదే. ఎవరూ తెలియని ఊరికి వెళ్లినా, "ఫలానా వాళ్ల బావమరిది అక్కడున్నాడట" అని ఒక చిరునామా కాగితం తీసుకెళ్లేవారు. ఆ కాగితం విలువ ఎనిమిది డాలర్ల కంటే ఎక్కువ.

బస దొరికితే ఖర్చు ఎంత తగ్గుతుందో మన హైదరాబాద్‌కి ఇంకా పాత అనుభవం ఉంది. నిజాంల కాలంలో మక్కాలో యాత్రికుల కోసం రుబాత్‌లు, అంటే సత్రాలు, ఏర్పాటు చేశారు. పాత హైదరాబాద్ సంస్థానం ప్రాంతం నుంచి హజ్‌కి వెళ్లినవాళ్లకి అక్కడ ఉచితంగా బస. మన కాశీలో, రామేశ్వరంలో సత్రం ఉన్నట్టే. రోజు ఖర్చులో అన్నిటికంటే పెద్దది పడక. దాన్ని ఎవరైనా భరిస్తే, మిగతాది పేదవాడు కూడా లాక్కురాగలడు.

హజ్ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. 1959లో రిజర్వ్ బ్యాంకు హజ్ యాత్రికుల కోసం ప్రత్యేకంగా 10 రూపాయలు, 100 రూపాయల నోట్లు అచ్చు వేసింది. నంబరు ముందు "హెచ్ ఏ" అని అక్షరాలుండేవి. అదే ఏడాది గల్ఫ్ దేశాల కోసం వేరే రంగుల్లో గల్ఫ్ రూపాయలు తెచ్చింది. ఎందుకంటే అప్పటిదాకా గల్ఫ్‌లో మన మామూలు రూపాయే చెల్లేది. దొంగ బంగారం కొనేవాళ్లు ఆ దారిన రూపాయలు తరలించి, అవి తిరిగి మన దగ్గర పౌండ్లుగా మారి నిల్వలకి చిల్లు పెట్టేవి. యాత్రికుడి రూపాయినీ, స్మగ్లర్ రూపాయినీ వేరు చేయడానికి నోట్లే మార్చేశారు. ప్రయాణికుడి చేతి ఖర్చు దేశానికి ఎంత పెద్ద విషయమైందో చూడండి.

ఇదంతా విని, "మన ప్రభుత్వమే ఇలా చేసింది" అనుకోకండి. బ్రిటన్‌లో హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం 1966 నుంచి 1970 మొదలు దాకా విదేశీ విహారానికి ఏడాదికి మనిషికి 50 పౌండ్లే అంది. జపాన్ తన పౌరులని విహారయాత్రకి బయటికి వెళ్లనిచ్చింది 1964 ఏప్రిల్‌లోనే. అదీ ఏడాదికి ఒకసారి, 500 డాలర్ల పరిమితితో. చివరికి అమెరికా కూడా! 1968లో డాలరు మీద ఒత్తిడి పెరిగితే, అనవసరమైన ప్రయాణాలు రెండేళ్లు మానుకోండని అధ్యక్షుడు జాన్సన్ ప్రజలని కోరాడు. అంతటితో ఆగకుండా రోజు ఖర్చు మీదే పన్ను వేద్దామన్నారు. రోజుకి 7 డాలర్ల దాకా పన్ను లేదు, 7 నుంచి 15 దాకా 15 శాతం, ఆ పైన 30 శాతం. అమెరికా కాంగ్రెస్ దాన్ని చట్టం కానివ్వలేదు. కానీ ప్రతిపాదన చూడండి. ప్రయాణికుడు రోజూ ఎంత తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అన్నది ఖజానా లెక్కలోకి వచ్చేసింది.

కాబట్టి తేడా విధానంలో లేదు, అంకెలో ఉంది. బ్రిటన్ 50 పౌండ్లు ఇస్తే మనం 3 పౌండ్లు ఇచ్చాం. జపాన్ 500 డాలర్లు ఇస్తే మనం 8 ఇచ్చాం. 50 పౌండ్లతో పొదుపుగా ఒక సెలవు గడపొచ్చు. 3 పౌండ్లతో ఏ సెలవూ గడవదు. ఆ అంకెకి అర్థం, "వెళ్లు, కానీ నీ తిండి నువ్వు ఇంకెవరి చేతనైనా పెట్టించుకో" అని.

ఇది సరైనదేనా? నా అభిప్రాయం చెప్తాను. దేశం దగ్గర డాలర్లు లేనప్పుడు గోధుమలకి, మందులకి ముందు ఇవ్వడం న్యాయమే. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ నియమం బరువు అందరి మీదా ఒకేలా పడలేదు. విదేశాల్లో చుట్టాలున్నవాడికి, ప్రభుత్వ పని మీద వెళ్లేవాడికి, ఎగుమతి వ్యాపారంలో అక్కడ కొంత దాచుకోగలిగినవాడికి ఎనిమిది డాలర్ల పరిమితి పెద్దగా అడ్డు కాలేదు. దొంగ మార్కెట్‌లో డాలరు కొనే ధైర్యం, పరిచయాలు ఉన్నవాడికీ అంతే. నిజంగా ఎనిమిది డాలర్లతోనే వెళ్లింది ఎవరంటే, రూలు పాటించినవాడు, ఎవరూ లేనివాడు.

అతని పరిస్థితి ఊహించుకోండి. దిగిన చోట ఇంటి యజమాని అన్యాయంగా అద్దె అడిగితే ఇంకో ఇల్లు చూసుకునే స్తోమత లేదు. ఆశ్రయం ఇచ్చినవాళ్లు చులకనగా మాట్లాడినా పడాలి. పనిచ్చినవాడు తక్కువ జీతం అంటే ఒప్పుకోవాలి. ఎందుకంటే రేపటి భోజనం ఎక్కడో తెలియదు. విదేశంలో చేతి ఖర్చు అంటే మనం కాఫీ, టాక్సీ, షాపింగ్ అనుకుంటాం. నేను ఇంకో రకంగా చూస్తాను. చేతిలో ఎన్ని రోజుల ఖర్చుందో, అన్ని రోజులు నువ్వు "కుదరదు" అని చెప్పగలవు. అప్పట్లో మనవాళ్లకి దొరికింది ఒకటిన్నర రోజు.

ఆ తర్వాత పరిమితులు నెమ్మదిగా పెరిగాయి. ఎనిమిది డాలర్లు వందల్లోకి వెళ్లాయి. కానీ చట్టం మాత్రం ముందు ఇంకా బిగిసింది. 1974 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఫెరా చట్టం కింద మారకం ఉల్లంఘన నేరం, జైలుకి కూడా పంపొచ్చు. అసలు మార్పు వచ్చింది 1991లో. అప్పటికి దేశం దగ్గర మిగిలిన డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంత. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టుకి దాదాపు 47 టన్నుల బంగారం పంపాల్సొచ్చింది. ఆ జూన్‌లో ప్రధాని అయిన మన పీవీ నరసింహారావు గారు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ గారు జులై మొదట్లోనే రూపాయి విలువ తగ్గించారు. సంస్కరణలు మొదలయ్యాయి.

1994 ఆగస్టులో కరెంటు ఖాతా లావాదేవీలకి రూపాయిని మార్చుకోనిస్తామని భారత్ అంతర్జాతీయ ద్రవ్య నిధికి మాటిచ్చింది. ప్రయాణ ఖర్చులూ అందులోకే వస్తాయి. 2000 జూన్ 1 నుంచి ఫెరా పోయి ఫెమా వచ్చింది. నేరం కాస్తా జరిమానాతో తేలే సివిల్ వ్యవహారం అయ్యింది. 2004 ఫిబ్రవరిలో, మన కడప జిల్లాకి చెందిన వై.వి. రెడ్డి గారు రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా ఉన్నప్పుడు, లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము వచ్చింది. మొదట ఏడాదికి 25,000 డాలర్లు. 2015 నుంచి 2,50,000 డాలర్లు. ఎనిమిది నుంచి రెండున్నర లక్షలకి. ఎనిమిది డాలర్లతో వెళ్లిన మనిషి బతికుండగానే ఈ దూరం దాటాం.

చట్టం మారినంత తొందరగా మనుషుల అలవాటు మారదు కదా. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు కాఫీ ధర చూసి వెంటనే రూపాయల్లోకి మారుస్తారు. "నాలుగొందల రూపాయల కాఫీయా!" అని గుడ్లు తేలేస్తారు. పిల్లలు నవ్వుతారు, ఒక్కోసారి విసుక్కుంటారు. వాళ్లు పిసినారులు కారు. డాలరు అనేది బంగారంలా దేశం మొత్తం కూడబెట్టిన రోజుల్లో పెరిగినవాళ్లు. ఆ లెక్క వాళ్లకి ఎవరో నేర్పింది కాదు, పాస్‌పోర్టు మీద ముద్రగా పడింది. ఈసారి వాళ్లు గుణించడం మొదలుపెడితే, "అప్పట్లో ఎంత తీసుకెళ్లనిచ్చేవారు నాన్నా?" అని అడిగి చూడండి. కాఫీ చల్లారేలోపు మంచి కథ ఒకటి వినొచ్చు.

ఇక ఇప్పుడు ప్రయాణమయ్యేవాళ్లకి ఈ చరిత్రలోంచి రెండు మాటలు. మొదటిది గాంధీ గారి పద్ధతి. పడక ఖర్చు ముందు తేల్చుకోండి, నడిచి వెళ్లగలిగే చోట బస చూసుకోండి, ప్రతి రాత్రీ పద్దు రాయండి. నూట ముప్పై ఏళ్లు దాటినా దీన్ని మించిన యాప్ రాలేదు. రెండోది, చదువుకో ఉద్యోగానికో మొదటిసారి వెళ్లే పిల్లలకి, గల్ఫ్‌కి పనికి వెళ్లే తమ్ముళ్లకి. టికెట్ డబ్బు, ఏజెంటు డబ్బు కట్టేసి ఉత్త చేతులతో విమానం ఎక్కొద్దు. మొదటి జీతం వచ్చేదాకా మీ తిండి, మీ పడక మీ చేతిలో ఉండాలి. ఎంత అని లెక్కేసేటప్పుడు రోజులతో లెక్కేయండి. ఎన్ని రోజులు ఎవరి మొహమాటమూ లేకుండా ఉండగలం అని. అప్పటివాళ్లకి ఆ లెక్క వేసుకునే అవకాశమే లేదు. మనకుంది.

మీ ఇంట్లో కూడా ఎనిమిది డాలర్లతోనో మూడు పౌండ్లతోనో వెళ్లినవాళ్లు ఉంటే, మొదటి వారం ఎలా గడిచిందో వాళ్లని అడిగి రాసి పెట్టుకోండి. ఆ తరం మనకి ఇంకా అందుబాటులో ఉంది.